నిమ్మళం బట్ట

కంటికి శుక్లాల ఆపరేషను చేయించుకుని ఒంగోలు నుంచి ఇంటికొచ్చాను. టీవీ చూడొద్దు, పేపరు చదవొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అని డాక్టరమ్మ చెప్పినవన్నీ మా కోడలు బళ్ళో పాఠంలాగా అప్పజెబుతూ ఉంది. "మరి ఏం చూడమంది?" అని అడిగాను. "కంటికి హాయిగా ఉండేది ఏదైనా చూస్తూ పడుకోమంది అత్తయ్యా" అంది. మంచానికి ఎదురుగా గోడ మీద ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు ఉంది. దాని నిండా నిగనిగలాడే పండు మిరపకాయలు. చూసీచూడంగానే ఉన్న ఒక్క కన్నూ మండినట్టయింది.

"దాన్ని గోడకేసి తిప్పి పెట్టమ్మా" అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా కుట్టు టీచరుగారిది. ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు మనుషుల్ని కాదు, గోడల్ని పలకరించేది. మంచం ఎదురుగా ఎర్రటి బొమ్మ కనపడిందా, ఇంటివాళ్ళని అడక్కుండానే తిప్పేసేది. "ఊరు ఊరంతా ఎరుపే గదమ్మా. కల్లాల్లో ఎరుపు, టిక్కీ బస్తాల్లో ఎరుపు, కాయలేరేవాళ్ళ కళ్ళల్లో ఎరుపు. నడుం వాల్చే చోటన్నా కళ్ళని బతకనీయరా?" అనేది.

ఆవిడకో పేరుంది, మంచి బైబిలు పేరే. కానీ ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. మిషను బళ్ళో మాకు కుట్టుపని నేర్పినప్పుడు కుట్టు టీచరుగారు, రిటైరయి సొంతూరు చేరాక కుట్టు టీచరమ్మ. పెళ్ళయి నేను కాపరానికొచ్చిన ఊరే ఆవిడ సొంతూరు కావటం నా అదృష్టమో ఆవిడ ఖర్మమో తెలియదు. బళ్ళో నేను వేసిన కాజాలు చూసి, "ఈ బొక్కలో గుండీ ఏంటి, కోడిపెట్ట దూరుద్ది" అన్న మనిషి. నేను కొత్త కోడలిగా బండి దిగుతుంటే, నలుగురిలో ఆ కాజాల సంగతే గుర్తుచేసి మరీ పలకరించింది.

ఎప్పుడూ చేతిలో నల్ల గొడుగు ఉండేది. దాన్ని ఆవిడ ఎండకీ పట్టేది కాదు, వానకీ పట్టేది కాదు. దర్జీ కొట్టు ముందు ఆగి, గొడుగు సగం విప్పి తలకిందులుగా పట్టుకునేది. దర్జీ నోరెత్తకుండా కత్తిరింపులన్నీ ఊడ్చి అందులో పోసేవాడు. ఆవిడ గొడుగు మూసి, బొత్తం పెట్టి, చంకలో ఇరికించుకుని పక్క కొట్టుకి వెళ్ళేది. ఒక ఆదివారం చర్చి వదిలే వేళకి వాన పడింది. ఎవరి పిల్లో తడుస్తోందని జాలిపడి, ఆదమరిచి గొడుగు విప్పింది. ఆ పిల్ల నెత్తిన రంగురంగుల పీలికలు కుంభవృష్టి కురిశాయి. పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా బురదలో వంగి, "తొక్కబాకండి, తొక్కబాకండి" అంటూ ఒక్కొక్కటే ఏరుకుంది.

అడగటానికి ఆవిడకి సిగ్గు లేదు. పెళ్ళింట్లో భోంచేసి లేస్తూ, "మీ నాయనమ్మ పాత కోక ఏమన్నా ఉందా అమ్మా?" అని పెళ్ళికూతుర్ని అడగ్గలదు. వేటపాలెంలో జీడిగింజలు ఒలిచే చోట ఆవిడ మేనకోడలు పని చేసేది. ఆ పిల్ల పండక్కి వచ్చినప్పుడల్లా అక్కడి ఆడవాళ్ళ చిరుగు చీరలు మూటగట్టుకొచ్చేది. పొగాకు కాల్చే బేరన్ల దగ్గర మిగిలిన పురికొస తెచ్చి వేలాడదీయటానికి తాళ్ళు పేనుకునేది. ఇక దారాలంటారా, వాటిది వేరే కథ. మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని ఒకావిడ తన దేశం వెళ్ళిపోతూ, అక్కడి నుంచి ఎవరెవరో పంపగా మిగిలిన దారాలూ, ఉన్ని ఉండలూ రేకు పెట్టె నిండా ఈవిడకిచ్చి పోయింది. ఆ రంగులకి మన దగ్గర పేర్లు లేవు. ఆవిడే పెట్టుకుంది. మజ్జిగతేట రంగు. తెల్లారగట్ల రంగు. జొన్నాకు వెనక రంగు. పేరు కుదరని ఒక బూడిదనీలాన్ని మాత్రం "దొరసాని కళ్ళ రంగు" అనేది.

వీటన్నిటితో ఆవిడ చేసేది బొంత కాదు, దుప్పటి కాదు. కప్పుకోవటానికి పనికిరాదు. పాత పంచె రెండు మడతలేసి, దాని మీద పీలికల్ని సాళ్ళుసాళ్ళుగా పరిచి, అడుగుకుట్టు కుట్టుకుంటూ పోయేది. ఒక చిలకా ఉండదు, నెమలీ ఉండదు. వెలిసిన రంగుల సాళ్ళు, అంతే. దుక్కి దున్ని వదిలేసిన చేను మీద పొద్దున్నే మంచు పట్టినట్టుండేది. దాన్ని మంచం పట్టినవాళ్ళకి ఎదురుగా గోడకి కట్టేది. దానికి ఆవిడ పెట్టిన పేరు నిమ్మళం బట్ట.

"ఒక వాక్యం కుట్టొచ్చు గదా టీచరమ్మా, రోగికి ఆదరణగా ఉంటుంది" అని పాస్టరుగారు ఒకసారి అన్నారు.

"అక్షరం కనపడితే చదవాలనిపిస్తదయ్యగారూ. చదువుతా ఉంటే ఇంక విశ్రాంతేముంది?" అంది ఆవిడ.

అమ్మేది కాదు. ఊరికే ఇచ్చేదీ కాదు. అరువిచ్చేది. బాలింతకో, జ్వరం పడ్డవాళ్ళకో, కాయలేరి కళ్ళు వాచినవాళ్ళకో కావలసినన్నాళ్ళు ఉంచుకుని, లేచి తిరగ్గానే తిరిగివ్వాలి. తిరిగిచ్చేటప్పుడు ఆ ఇంట్లోది ఒక పాత గుడ్డ కూడా ఇవ్వాలి. అది ఆ బట్టలోనే ఎక్కడో ఒక సాలు అయ్యేది. కొత్త గుడ్డ ఇస్తే ముట్టుకునేది కాదు. "దాంట్లో మనిషి లేడు" అనేది.

బట్ట పూర్తయిందో లేదో తేల్చటానికి ఆవిడకో పద్ధతి ఉంది. గోడకి కట్టి, ఎదురుగా చాప వేసుకుని పడుకుని చూసేది. నిద్ర పడితే అయిపోయినట్టు. పట్టకపోతే, "ఎక్కడో ఒక రంగు గొడవ చేస్తా ఉంది" అని లేచి కూర్చుని కుట్లు విప్పేది. పట్టపగలు టీచరమ్మ గురక వినిపించిందంటే ఇంకో బట్ట అయిందని ఊరవతల వాళ్ళ పల్లెలో అందరికీ తెలిసిపోయేది.

ఎనభైల్లో ఊరంతా పత్తి మీద పడ్డ రోజులవి. పత్తి మూటలు వేసిన బండి మీద నుంచి మా ఆయన జారిపడ్డాడు. గుంటూరు తీసుకెళ్ళి తొడ దాకా సిమెంటు కట్టు వేయించుకొచ్చాం. కదలకుండా పడుకుంటే కాలు తిన్నగా అతుకుతుందనీ, కదిలాడా జన్మంతా కుంటుడు తప్పదనీ డాక్టరు చెప్పి పంపాడు. మా ఆయనకి పడుకోవటం అన్నది తెలియదు. సరిగ్గా అప్పుడే మిరప కోతకొచ్చింది. కూలీల కేకలు వినపడితే చాలు, మంచం పట్టె పట్టుకుని లేవబోయేవాడు. "కాయ తడి ఆరిందో లేదో నేను చూడొద్దా? తాలు కాయ కలిపేస్తారే" అని నా మీద అరుపులు. ఎదురుగా కిటికీలోంచి కల్లం కనపడుతూ ఉండేది. కిటికీ మూస్తే ఉక్క. తీస్తే ఎరుపు. మనిషి నిద్ర లేక పీక్కుపోయాడు. రాత్రి కట్టు లోపల ఎముక కలుక్కుమందని ఒకరోజు చెప్పాడు. అరకకీ బండికీ పనికిరాని రైతు ఏమైపోతాడో నాకు తెలుసు.

తెల్లారి టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. బట్టలన్నీ అరువు పోయాయి. గోడ మీద ఒక్కటే ఉంది. దాన్ని నేను అంతకుముందు కూడా చూశాను. ఎన్నేళ్ళుగానో కుడుతూ ఉన్నది, అన్నిటికన్నా తెల్లనిది. దొరసాని కళ్ళ రంగు దారమంతా దానికే వాడింది.

"అది నాది. నేను పడుకునేనాటికి ఉంచుకున్నా" అంది నా చూపు పట్టేసి.

మా ఆయన సంగతి చెప్పి, వస్తానని లేచాను. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. స్టూలెక్కి తాళ్ళు విప్పుతూ ఉంది. "పట్టుకో, చూస్తావేంటి. పడుకోవాల్సినోడు పడుకోవాలిగా. నేనింకా తిరగతానే ఉన్నాగా" అంది.

మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. కానీ ఆవిడ లోకంలో గుడ్డలు రెండు రకాలు. ఉతికి ఆరేసినవి, ఎవరో కట్టి విడిచినవి. టీచరమ్మకి మా ఇంట్లో టీ ఇచ్చే గ్లాసు కూడా వసారా గూట్లో వేరుగా ఉండేది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఆ రోజు నేను బట్ట తెచ్చి మంచం మీద పెట్టి కల్లంలోకి పరిగెత్తాను. సాయంత్రం కడదాంలే అనుకున్నాను. వచ్చేసరికి పెరట్లో పొయ్యి మీద కాగు పొంగుతూ ఉంది. అత్తగారు దుడ్డుకర్రతో కలియబెడుతోంది.

"ఎవరెవరియ్యో విడిచిన గుడ్డలంట. సోడా వేసి ఉడకేస్తన్నా. ఎట్టాగూ కాగు కాగుతా ఉంది గదా అని వాడి ఎర్ర తువ్వాల కూడా వేశా" అంది, ఎంతో పని కలిసొచ్చినట్టు.

కర్రతో బయటికి లాగి చూశాను. మజ్జిగతేట లేదు, తెల్లారగట్ల లేదు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఎరుపు పాకి, గులాబీ రంగు మరకలు కట్టింది. అత్తగారు కాసేపు చూసి, "రంగు దిగే తువ్వాల అమ్మినోణ్ణనాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

దాచి లాభం లేదు. కబురు చేస్తే మర్నాడు మధ్యాహ్నం టీచరమ్మే వచ్చింది. బట్టని అప్పటికి మంచానికి ఎదురుగా కట్టాను, ఇంకేం చేయాలో తెలియక. ఆవిడ గడప దగ్గరే నిలబడిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. గొడుగు గోడకి ఆనించి, దగ్గరికి వచ్చి, మరక మీద చెయ్యి పెట్టింది. బిడ్డకి జ్వరం చూసినట్టు చూసింది.

"ఉడకేశారా?" అంది చివరికి.

తలుపు చాటు నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "శుభ్రంగా ఉంటదని..."

"శుభ్రంగానే ఉంది పెద్దమ్మగారూ" అంది టీచరమ్మ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగటం నేను చూశాను.

అప్పటిదాకా కాలు గురించి తప్ప దేని గురించీ పట్టించుకోని మా ఆయన మంచం మీద నుంచి మాట్లాడాడు. "పాడయిందని ఎవరన్నారు టీచరమ్మా? పొద్దుటి నుంచి చూస్తన్నా. పత్తిపువ్వు మొదటి రోజు తెల్లగా పూస్తదా, రెండో రోజుకి అచ్చం ఇట్టాగే తిరుగుద్ది. ఆ రంగొచ్చి రాలితేనే గదండీ కాయ."

ఆవిడ ఆయన వైపు చూసింది, మళ్ళీ బట్ట వైపు చూసింది. "పత్తి చేల మధ్య తిరుగుతా కూడా నేనెప్పుడూ రెండో రోజు చూళ్ళేదే" అంది మెల్లగా. తర్వాత నన్ను చాప అడిగింది. నడి గదిలో, మంచం పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని బట్టని చూడటం మొదలుపెట్టింది. పైన ఆయన, కింద ఆవిడ, ఇద్దరూ గోడకేసి చూస్తూ. ముందు మా ఆయన కళ్ళు మూతపడ్డాయి. బండి మీద నుంచి పడ్డాక అంత గాఢంగా నిద్రపోవటం అదే మొదలు. ఆవిడ మాత్రం లేచి కూర్చుని, "నాకింకా రావటంలా. తెలుపు తక్కువైంది" అని గొణిగింది. అని, గొంతు కొంచెం పెంచి, "పెద్దమ్మగారూ, మీ ఇంటి గుడ్డ నాకు రావాలండీ" అంది.

అత్తగారికి తప్పు తెలిసింది. తెలిస్తే నోటితో చెప్పే మనిషి కాదు. సాయంత్రానికి కొట్టు నుంచి కొత్త తెల్ల జాకెట్టు గుడ్డ తెప్పించి, నా చేత పంపింది. అది అట్లాగే తిరిగొచ్చింది. "దాంట్లో మనిషి లేడంట అత్తయ్యా" అన్నాను, లోపల నవ్వుకుంటూ. అత్తగారు కాసేపు గొణుక్కుంది. మామగారు పోయినప్పటి నుంచీ ఆవిడ తెల్లకోకే కట్టేది. రెండో రోజు స్నానం చేసి వచ్చి, విడిచిన కోకని ఉతక్కుండానే మడతపెట్టి నా చేతికిచ్చింది. "ఎవరో కట్టి విడిచిందే కావాలంటగా. తీసకపో" అంది, మొహం అటు తిప్పుకుని.

టీచరమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి, గోడకున్న బట్ట ముందే పీట వేసుకుని కుట్టేది. దారం పళ్ళ మధ్య బిగించి, పెదవి కదలకుండా మాట్లాడేది. ఆ మాటలు సగం అర్థం కాక మా ఆయన "ఆ? ఆ?" అంటూ కదలకుండా వినేవాడు. గులాబీ మరకల మధ్య అత్తగారి కోక పీలికలు సాళ్ళుగా పడ్డాయి. మొదటి రోజు పూలూ, రెండో రోజు పూలూ కలిసి ఒకే చేను అయింది. అత్తగారు తలుపు చాటు నుంచి గడప మీదికీ, గడప మీద నుంచి పీట పక్కకీ జరిగింది. కల్లంలో కాయలు ఎండాయి, బస్తాలు గుంటూరు పోయాయి. తాలు కాయ కలిసిందో లేదో మా ఆయన అడగనే లేదు.

కాలు తిన్నగా అతుక్కుంది. డాక్టరు తన కట్టు వల్లనన్నాడు. అత్తగారు ఆంజనేయస్వామి వల్లనంది. నా సంగతి అడిగితే, ఆ గోడ వైపే చూపిస్తాను.

బట్ట తిరిగి ఆవిడ ఇంటికి చేరిందని సంతోషించాను గానీ అది అక్కడ ఉంటేగా. కొన్నేళ్ళ తర్వాత టీచరమ్మ నిజంగానే మంచం పట్టింది. గుండె జబ్బు. చూడ్డానికి వెళ్తే ఎదుటి గోడ బోసిగా ఉంది. ఆ తెల్ల బట్ట కనిగిరి వైపు ఒక బాలింత దగ్గర ఉందట. మేనకోడలు వెళ్ళి తెస్తానంటే ఈవిడ ఒప్పుకోలేదు.

"పసిగుడ్డు మొహం ముందు నుంచి లాక్కొస్తావటే? నోరు మూసుకో" అంది. ఎన్నో ఏళ్ళు తన కోసమే కుట్టుకున్న మనిషి, తీరా పడుకునేనాటికి సున్నం గోడ చూస్తూ పడుకుంది. నాకు చాలా బాధేసింది. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పి ఏడ్చాను.

అత్తగారు విని లేచి వెళ్ళి, తన మంచం కింద నుంచి ఒక మూట లాగింది. విప్పితే అదొక బట్ట. ఎప్పుడు కుట్టిందో, ఎవరికీ తెలియకుండా ఎక్కడ కూర్చుని కుట్టిందో దేవుడికెరుక. తన తెల్లకోకలు, మామగారి పంచె, నా పాత లంగా, పిల్లల పొత్తిగుడ్డలు. కుట్లు మాత్రం తప్పటడుగులే. ఒక సాలు తూర్పుకి పోతే ఇంకోటి పడమరకి పోతోంది.

"పద" అంది.

అత్తగారు ఆ పల్లెలోకి అడుగు పెట్టటం నాకు తెలిసి అదే మొదటిసారి. గోడకి తాళ్ళు కట్టటానికి నేనూ మేనకోడలూ తంటాలు పడుతుంటే, అత్తగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "ఎండన పడొచ్చాం, కాసిని మంచినీళ్ళియ్యమ్మా" అని అడిగి, ఇచ్చిన గ్లాసు ఎత్తి గటగటా తాగింది.

టీచరమ్మ దిండు మీద నుంచి తల కొంచెం ఎత్తింది. బట్టని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"కుట్లు వంకర" అంది.

"తెలుసులే" అంది అత్తగారు.

"ఆ మధ్యలో ఎర్రగా ఏంటది? తువ్వాలేగా?"

"అదే. ఇంక దిగటానికి దాంట్లో రంగు లేదులే టీచరమ్మా."

టీచరమ్మకి నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది. నీళ్ళు తాగించాం. "ఇట్టాంటి కుట్లు ఎదురుగా పెట్టుకుంటే మనిషికి నిద్రెట్టా పడుద్ది? ఆ మూడో సాలు చూడు, తాగినోడు నడిచినట్టు. దారం అంత లాగి బిగిస్తారా ఎవరన్నా? ఆ అంచు..." అని ఒక్కొక్క తప్పే వేలితో చూపిస్తూ పోయింది. అత్తగారు బళ్ళో పిల్లలాగా తలాడిస్తూ కూర్చుంది. అయిదో సాలు దగ్గరికో, ఆరో సాలు దగ్గరికో వచ్చేసరికి వేలు దుప్పటి మీదికి వాలింది. మాట ఆగింది. నేను కంగారుగా దగ్గరికి వెళ్ళి వంగాను. సన్నగా గురక.

అత్తగారు నా చెయ్యి పట్టుకుని, ఆవిడకి వినపడకుండా అడిగింది.

"అమ్మాయ్, అయితే ఇది అయిపోయినట్టేనా?"